ఐదో బెడ్ దగ్గర పదకొండు సెకన్లు

ఆ వానాకాలం నా ఉద్యోగమంతా చూడటమే. "పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి సాయంత్రం దాకా వీడియోలు చూసొస్తే జీతమిస్తారా?" అని మా బావ నోరెళ్ళబెట్టేవాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "ఇరవై ఏళ్ళుగా అద్దంలోంచి జనాన్ని చూస్తూనే ఉన్నాను. నన్నెవరూ పరిశోధకుడని పిలవలేదే!"

చదువు ముగించుకుని, అక్కావాళ్ళింట్లో ఉంటూ ఒక పరిశోధన కేంద్రంలో చేరిన మొదటి ఏడాది అది. మా మేడం నర్సుల పని మీద పరిశోధన చేస్తున్నారు. షిఫ్టు దిగే నర్సు ఇంటికి వెళ్ళేముందు, ఎక్కే నర్సుని వెంటబెట్టుకుని ఒక్కో బెడ్ దగ్గరా ఆగి, పేషెంటు సంగతి చెప్పి వార్డు అప్పగిస్తుంది. ఆ అప్పగింతలో ఏ మాట చేరుతుంది, ఏ మాట మధ్యలో జారిపోతుంది అన్నది ఆవిడ ప్రశ్న. మూడు ఆసుపత్రుల్లో, ఒక్కోచోట పదేసి రోజులు కెమెరా పెట్టించారు. అందులోని మొహాలు మసక చేసి, గొంతులు మార్చి, పేర్ల బదులు నంబర్లు వేసిన చిన్న చిన్న ముక్కలు నా దగ్గరికి వచ్చేవి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, తల ఎటు తిప్పారు, చేతులు ఏం చేస్తున్నాయి, ఎంతసేపు మాట లేకుండా ఉన్నారు, అన్నీ సెకన్లవారీగా రాయాలి. రాసినవాటిలో ఒకలాంటివి ఒకచోట చేర్చి, ఆ గుంపుకో పేరు పెట్టాలి.

మొదటి రోజే తిట్లు తిన్నాను. "నర్సు విసుక్కుంది" అని రాస్తే, మేడం ఆ మాట కింద ఎర్రగీత గీసి నా కుర్చీ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"విసుగు ఎక్కడుందో నాకు చూపించమ్మా."

వీడియో మళ్ళీ వేశాను. ఒక చెయ్యి పెన్నుని బల్ల మీద పెట్టింది. అంతే.

"ఆ అమ్మాయి పెన్ను పెట్టింది. విసుగు నువ్వు పెట్టావు" అన్నారావిడ. "ముందు సౌండు తీసేసి చూడు. మాటలు వినబడుతుంటే కళ్ళు బద్ధకిస్తాయి. చూసింది రాయి. అనుకున్నది ఇంకో కాగితం మీద రాసుకో, దాని మీద 'నాది' అని పెద్దక్షరాలతో రాసి పెట్టుకో."

మా అక్క నర్సు. పదహారేళ్ళ సర్వీసు. ఆ మూడు ఆసుపత్రుల్లో ఒకదాంట్లోనే పని. ఆ సంగతి చేరినప్పుడే మేడంకి చెప్పాను. ఆవిడ ఆ ఆసుపత్రి వీడియోలన్నీ నాతోపాటు పనిచేసే ఇంకొకావిడకి ఇచ్చేశారు. నాకు మిగతా రెండూ.

వాళ్ళ వార్డులో కెమెరా పెట్టిన కొత్తలో అక్క ఇంట్లో తెగ నవ్వించింది. మొదటి రోజు అందరూ పెళ్ళివారిలా తయారై వచ్చారట. రెండో రోజుకి సగమయ్యారు. మూడో రోజు నుంచి కెమెరా ఉందన్న సంగతే మర్చిపోయి, దాని కాలికి తడి గొడుగులు తగిలించడం మొదలుపెట్టారు.

ఏడో రోజు అక్క ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అంతకు ముందు రోజు తను డ్యూటీ దిగిపోయాక ఆ సాయంత్రం జరిగిందట.

మగవాళ్ళ వార్డులో ఐదో బెడ్ మీద ఒక పెద్దాయన ఉన్నాడు. వడ్రంగి. ఆయనకి రోజూ సాయంత్రం భోజనానికి ముందు ఇరవై యూనిట్ల ఇన్సులిన్ ఇస్తారు. ఆ రోజు రెండింటికి పావుగంట ముందు పెద్ద డాక్టరు చూసి, "షుగరు బాగా దిగుతోంది సిస్టర్, ఈ పూట నుంచి సగం చేయండి, వచ్చి రాస్తాను" అని, ఎమర్జెన్సీ నుంచి పిలుపొస్తే పరుగెత్తాడు. కాగితం మీద పాత లెక్కే ఉంది. రెండింటికి అక్క వార్డు అప్పగించింది, కొత్తగా చేరిన అమ్మాయికి. ఆ అమ్మాయిని అందరూ చిన్న సిస్టర్ అంటారు. సాయంత్రం ఆమె కాగితంలో ఉన్నట్టు ఇరవై ఇచ్చింది. భోజనం పళ్ళెం ముందుంచుకుని పెద్దాయన చెమటలు పట్టి పక్కకి ఒరిగిపోయాడు. రెండు రోజులు ఐసీయూలో ఉంచి బతికించారు.

"చెప్పాను" అంది అక్క.

"నాకు చెప్పలేదు" అంది చిన్న సిస్టర్.

"నేను సిస్టర్‌కి చెప్పాను" అన్నాడు డాక్టరు. అదీ నిజమే.

డ్యూటీ దిగే నర్సు సమాచారం ఇవ్వలేదని హెడ్ సిస్టర్ పైకి రిపోర్టు రాసింది. విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దని అక్క చేతికి కాగితం ఇచ్చారు.

మొదటి వారం అక్క కోపంగానే ఉంది. గిన్నెలు తోముతుంటే వీధి చివరి దాకా వినబడేది. "చెప్పకుండా ఎలా ఉంటాను? పదహారేళ్ళలో ఒక్కనాడైనా చెప్పకుండా వచ్చానా?" అని గోడలతో వాదించేది. ఆ చప్పుడే నయమనిపించింది తర్వాత. రెండో వారంలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గ్యాస్ కట్టేసి గదిలోకి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసి, మళ్ళీ వచ్చి, "కట్టేశానా?" అని నన్నడిగేది. "పాలవాడికి రేపు వద్దని చెప్పానా? నీకు తాళంచెవి ఇచ్చానా?" తన చేతిలోనే ఉన్న తాళంచెవి చూపిస్తే దాన్ని పరాయిదాన్ని చూసినట్టు చూసేది. మూడో వారానికి చీటీలు మొదలయ్యాయి. చేసిన ప్రతి పనీ రాసుకుని, కింద టైము వేసి, డబ్బాలో పెట్టుకునేది.

బావ నవ్వించాలని చూశాడు. "పెళ్ళాం అన్నం పెట్టింది, ఒంటిగంటా పదినిమిషాలకి" అని తనూ ఒక చీటీ రాసి డబ్బాలో వేశాడు. అక్క నవ్వలేదు. ఆ చీటీ తీసి చదివి, "నిజంగా పెట్టానా?" అంది. బావ మళ్ళీ ఆ హాస్యం జోలికి పోలేదు.

ఆసుపత్రి పెద్దలు ఆ రోజు వీడియో ఇమ్మని మేడంకి ఉత్తరం రాశారని, ఆవిడ కుదరదన్నారని ఊరంతా తెలిసింది. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు అక్క, "ఇవ్వకపోవడమే న్యాయం. పైవాళ్ళకి చూపించబోమని మాటిచ్చాకే కదా మేం సంతకాలు పెట్టాం" అంది. కాసేపటికి ఆరేసిన బట్టలు మడతపెడుతూ, నావైపు చూడకుండా, "అందులో నేను చెప్పనట్టు ఉంటే?" అంది.

నాతోపాటు పనిచేసే ఆవిడ పురిటికని కాస్త ముందుగానే సెలవు పెట్టింది. ఆమె వదిలేసిన ముక్కలు నా ఫోల్డరులో వచ్చి పడ్డాయి. నంబర్లు తప్ప ఇంకేమీ ఉండవు కాబట్టి ఏ ఆసుపత్రివో నాకూ తెలియలేదు, పంపినవాళ్ళూ చూసుకోలేదు.

ఒక ముక్క పదకొండు సెకన్లు. ఒక బెడ్ పాదాల దగ్గర ఇద్దరు నర్సులు. సౌండు తీసేసి మొదటిసారి చూశాను, ఏమీ అనిపించలేదు. రెండోసారి చూస్తుంటే, పొడుగ్గా ఉన్నావిడ ఎడమ అరచెయ్యి చాపి, దాని మీద కుడిచేతి అంచుతో అడ్డంగా కోసింది. రెండుసార్లు. టక్, టక్.

కాఫీలో చక్కెర సగం చాలని, అన్నం సగం పెట్టమని, నా చిన్నప్పుడు సగం జడ వేసి మిగతాది నువ్వే వేసుకోమని, ఎన్ని వేలసార్లు చూసిన కోత అది! మొహం ఎంత మసక చేస్తే ఏం లాభం?

అక్కడ ఆపేసి లేచి, నేరుగా మేడం గదిలోకి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ అదే చూశాను. సౌండు పెట్టి చూస్తే రేకుల మీద వాన మోత, ట్రాలీ చక్రాల రొద. మాట ఒక్కటీ తేలలేదు. సౌండు తీసేసి ఒక్కో సెకనూ రాసుకున్నాను. మూడో సెకనులో అక్క చేతిలో కాగితం చూసుకుంటూ తల వంచింది. నాలుగో సెకనులో, ఫ్రేము అంచున, గుమ్మం చెక్క మీద ఒక చెయ్యి కనిపించింది. మోచేతి దాకానే. చేతిలో తాళాల గుత్తి. చిన్నావిడ తల గుమ్మంవైపు తిరిగింది. ఐదు నుంచి ఎనిమిది దాకా అక్క అరచేతిని కోస్తూ చెబుతోంది, తల వంచుకునే. తొమ్మిదో సెకనులో చిన్నావిడ తలూపింది, గుమ్మంవైపు. పదిలో అక్క తలెత్తేసరికి ఆ తల ఇంకా ఊగుతోంది. పదకొండులో ఇద్దరూ ఆరో బెడ్ దగ్గరికి కదిలారు.

అక్క చెప్పింది. ఆ అమ్మాయి వినలేదు. ఇద్దరూ అబద్ధమాడలేదు.

'నాది' అని రాసుకునే కాగితం మీద ఆ రెండు వాక్యాలూ రాసి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నాలుగో రోజు ఆ కాగితం మడిచి పట్టుకుని మేడం గదికి వెళ్ళాను.

ఆవిడ అంతా విని, "ఎన్నిసార్లు చూశావు?" అన్నారు.

"నలభైకి పైనే ఉంటాయండీ."

"మొదటిసారికి తెలియలేదు, సరే. రెండోసారికి తెలిసింది. మిగతా ముప్పై ఎనిమిదిసార్లూ?"

ఆవిడ గొంతు పెంచలేదు. నా కంప్యూటరులోంచి ఆ ఫోల్డరు తీయించేశారు. ఇక ఆ పరిశోధన జోలికి రావద్దన్నారు. నేను ఊరుకోలేక, "మేడం, ఆ పదకొండు సెకన్లు విచారణవాళ్ళకి చూపిస్తే చాలండీ, మా అక్క బయటపడుతుంది. ఇంట్లో తనని చూడలేకపోతున్నాం" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపారు. "ఇరవైరెండు మంది నర్సులు నా మాట మీద కెమెరా ముందు నిలబడ్డారమ్మా. ఇవాళ మీ అక్కకి మంచి చేసే వీడియో ఇచ్చాననుకో. రేపు ఇంకొకరి ఉద్యోగం తీసే వీడియో అడుగుతారు. అప్పుడు ఏ మొహంతో కాదంటాను? ఇంకో మాట. నువ్వు చూసింది చెల్లెలి కళ్ళతో. ఆ తల ఊపడం గుమ్మంవైపే అని నీకు రూఢిగా తెలుసా?"

"తెలుసండీ."

"తెలుసనుకుంటున్నావు." ఆవిడ కాసేపు కిటికీలోంచి వానని చూశారు. "ఆ ముక్క నీదీ కాదు, నాదీ కాదు. అందులో ఉన్నవాళ్ళది. వాళ్ళు అడిగితే వాళ్ళకి చూపించవచ్చు. ఎలాగూ చివర్లో నర్సుల్నే కూర్చోబెట్టి చూపించి, వాళ్ళేమంటారో వినాలనుకున్నాం. అది ముందుకు జరుపుతాను. కానీ ఆ వార్డులో ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. ఒక్కరు వద్దన్నా వద్దు. అక్కడ చూసింది బయట చెప్పాలో వద్దో కూడా వాళ్ళిష్టం. నువ్వు మాత్రం అందులో ఏముందో ఇంట్లో చెప్పకూడదు. నువ్వు చెప్పావంటే ఆవిడ ఇక తన కళ్ళతో చూడలేదు, నీ కళ్ళతోనే చూస్తుంది."

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను, నన్ను ఆ పని నుంచి తీసేశారని, ఎందుకు తీసేశారో కూడా. బావ తింటున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు. అక్క లేచి కంచాలు తీసింది, బల్ల తుడిచింది, తుడిచినట్టు చీటీ రాసుకుంది. నేను వంటింట్లో చెయ్యి కడుక్కుంటుంటే వెనకే వచ్చి నిలబడింది.

"నువ్వు చూశావు."

"అక్కా, అడక్కు."

"ఒక్క మాట. చెప్పానా, లేదా?"

"నువ్వే చూడక్కా. మేడం అందర్నీ అడుగుతారు. సంతకం పెట్టి, వెళ్ళి చూడు."

"నా చేతులతో ఎత్తుకుని పెంచాను నిన్ను. తలూపు చాలు. అవునో, కాదో."

పదహారేళ్ళు పేషెంట్ల మొహాలు చదివిన మనిషి. ఇంకొక్క క్షణం ఎదురుగా ఉంటే నా మొహం అంతా చెప్పేసేది. కుళాయి కట్టకుండానే కిటికీవైపు తిరిగిపోయాను. బయట ఏముందో ఇప్పుడడిగినా చెప్పలేను. వెనక అక్క కాసేపు నిలబడి, నా పక్కనుంచి చెయ్యి చాపి కుళాయి కట్టేసి వెళ్ళిపోయింది.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. రాజీనామా ఉత్తరం రాసి నీళ్ళ జగ్గు కింద పెట్టింది. అది అక్కడుందని ముగ్గురికీ తెలుసు. నీళ్ళు తాగాలనిపించినప్పుడల్లా జగ్గు ఎత్తి, తాగి, మళ్ళీ ఆ కాగితం మీదే పెట్టేవాళ్ళం. వార్డులో మిగతావాళ్ళంతా సంతకాలు పెట్టారని, చిన్న సిస్టర్ రెండు రోజులు ఏడ్చి మూడో రోజు పెట్టిందని తెలిసింది. అక్కదొక్కటే మిగిలింది.

మూడో రోజు టీ తాగుతూ బావ, ఎవరితోనూ కాదన్నట్టు మొదలుపెట్టాడు. "కొత్తగా చేరినప్పుడు ఒకరోజు నా బస్సు కింద కుక్క పడిందని వెనక సీట్లోవాళ్ళు అరిచారు. దిగను, పోనిచ్చేస్తానన్నాను. కండక్టరు ముసలాయన బండి కదలనివ్వలేదు. దిగి చూశాను."

"ఏమైంది?" అన్నాను.

"ఏముంది, కుక్క లేదు. ఎటో పోయింది. కొంచెం కుంటుతూ పోయిందన్నాడు కిళ్ళీకొట్టువాడు. తగిలిన మాట నిజమే." గ్లాసు కింద పెట్టాడు. "దిగకపోతే ఈ పాటికి నా తలలో ఎన్ని కుక్కలు చచ్చి ఉండేవో."

అక్క ఆయనవైపు చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, మూడు రోజుల తర్వాత నాతో మొదటి మాట మాట్లాడింది.

"పెన్నుందా?"

బుధవారం మధ్యాహ్నం మా కేంద్రంలోనే ఏర్పాటు చేశారు. మర్నాడే విచారణ ఆఖరి రోజు. వార్డు నర్సులు ఎనిమిది మంది వచ్చారు, హెడ్ సిస్టర్‌తో సహా. అక్క ఒక చివర కూర్చుంది, చిన్న సిస్టర్ ఇంకో చివర. నాకు లోపలికి ప్రవేశం లేదు. బయట వరండాలో టీ ఫ్లాస్కు దగ్గర నిలబడ్డాను. తలుపుకి నిలువుగా ఒక అద్దం పలక ఉంది. తెర పక్క నుంచి సగమే కనబడుతోంది, మనుషులు మాత్రం ఎదురుగా కనబడుతున్నారు. మాట ఒక్కటీ వినబడదు.

సౌండు లేకుండా చూడటం నాకు అలవాటైన పనే. అయినా ఆ రోజు ఫ్లాస్కు మూత ఊరికే మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టాను.

మేడం ముందు సౌండు లేకుండా వేశారని అర్థమైంది, ఎవరూ మెడ ముందుకు చాపి వినడంలేదు కాబట్టి. మొదటిసారి అయిపోయింది. రెండోసారి. అక్క కుడిచెయ్యి లేచింది. తనకి తెలియకుండానే ఎడమ అరచేతిని కోసింది, రెండుసార్లు, తెరలో మనిషితోపాటు. తర్వాత ఆ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటివైపే చూస్తూ ఉండిపోయింది. భుజాలు కిందికి దిగాయి. ఆ భుజాలు ఎన్ని వారాలుగా చెవుల దాకా ఎక్కి ఉన్నాయో అవి దిగాకే తెలిసింది నాకు.

మూడోసారి వేశారు. చిన్న సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏదో అంది. మేడం తెర ఆపారు. అక్క ఆ అమ్మాయివైపు తిరిగి ఏదో చెప్పింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. మిగతావాళ్ళు ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒకావిడ చేతులు తిప్పుతోంది. అక్క నిర్దోషి అని తేలింది, ఇక నేరం ఆ పిల్ల నెత్తిన పడుతుంది అనుకున్నాను. ఆ క్షణంలో నేను కోరుకున్నదేమిటో తెలిసి నాకే సిగ్గేసింది.

అప్పుడు హెడ్ సిస్టర్ లేచింది. లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచి, మెల్లగా తెర దగ్గరికి నడిచింది. వంగి అంచున ఏదో చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుని మళ్ళీ చూసింది. తర్వాత తన కుడిచెయ్యి ఎత్తి, తాళాల గుత్తితో సహా, తెర మీద ఆ చెయ్యి పక్కనే పెట్టింది.

గదిలో కదులుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

ఇంటికి బస్సులో వెళ్తుంటే అక్క చెప్పింది లోపల ఏమేం అన్నారో. తడిసిన గొడుగు ఇద్దరి కాళ్ళ మధ్యా పెట్టుకుని, కిటికీవైపు సీటు నాకిచ్చి.

"ఆ పిల్ల ఏమందో తెలుసా? 'నేను తలూపాను అక్కా, కానీ అది మీకు కాదు' అంది."

"నువ్వేమన్నావు?"

"'నేను నీ మొహం చూడలేదమ్మా' అన్నాను. కాగితంలోకి చూస్తూ చెప్పాను. తల ఊగితే చాలనుకున్నాను. అన్నేళ్ళ సర్వీసు ఉండి, ఎదుటివాళ్ళు వింటున్నారో లేదో చూడొద్దూ?"

"హెడ్ సిస్టర్?"

బస్సు ఒక స్టాపులో ఆగి, జనం ఎక్కి, మళ్ళీ కదిలింది.

"'మందుల బీరువా తాళం ఈ గుత్తిలో లేదు, వెతికిపెట్టమని పిలిచాను. పనిలో ఉన్నారని చూశాను కూడా. చూసే పిలిచాను' అంది. ఆవిడ చెప్పకపోతే ఎవరికీ తెలియదే. మోచెయ్యే కదా కనబడేది! ఆ రిపోర్టు రాసిందీ ఆవిడే కదా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "'రేపు నేనే వచ్చి చెబుతాను, ఈ వీడియో మాట ఎత్తకుండానే చెప్పగలను, నాకు గుర్తొచ్చింది కదా' అంది."

జారిపోతున్న గొడుగుని పట్టుకుని నిలబెట్టాను.

"అక్కా, నా మీద కోపం పోయిందా?"

"పోలేదు. ఇంకో నెలుంటుంది." నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు కిటికీవైపు తిరిగిపోయావు చూడు, అప్పుడే ఒకటి తెలిసింది."

"నువ్వు చెప్పావని తెలిసిపోయిందా?"

"అది కాదు. చెప్పానో లేదో నీ వీపులో ఎక్కడ కనిపిస్తుంది? అది చూసి నువ్వు మాత్రం బతికే ఉన్నావు, అన్నం తింటున్నావు. చూస్తే నేనూ చావనని తెలిసింది."

విచారణలో హెడ్ సిస్టర్ తన మాట నిలబెట్టుకుంది. చిన్న సిస్టరూ, అక్కా ఎవరి వంతు వాళ్ళు చెప్పుకున్నారు. అక్కనీ, హెడ్ సిస్టర్‌నీ మందలిస్తూ చెరొక ఉత్తరం ఇచ్చారు. అక్కకి ఉద్యోగం తిరిగి వచ్చింది. నోటిమాటగా మందు మార్చి రాయకుండా వెళ్ళినందుకు డాక్టరుకీ ఒక ఉత్తరం వెళ్ళిందన్నారు. వడ్రంగి పెద్దాయన అప్పటికే ఇంటికెళ్ళిపోయాడు. అక్క చిన్న సిస్టర్‌ని వెంటబెట్టుకుని ఆయన్ని చూసొచ్చింది. ఏం మాట్లాడారో అడిగితే, "ఇంట్లో ఎవరికైనా కుర్చీలు కావాలా అని అడిగాడు" అని మాత్రం చెప్పింది.

నన్ను మేడం మళ్ళీ ఆ పరిశోధనలోకి తీసుకోలేదు. అడగలేదు కూడా నేను. పిల్లలు తమ బడి ఎలా ఉంటుందో గీసిన బొమ్మలు ఆరువందలు ఉన్నాయని, వాటిని చూడమని ఇంకో పని ఇచ్చారు. మొదటి బొమ్మ ఇస్తూ, "ఇందులో నీకు తెలిసిన పిల్లలెవరైనా ఉన్నారా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ, జవాబు వచ్చేదాకా కాగితం చేతిలోంచి వదల్లేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు అక్క కళ్ళజోడు ఇంట్లో మర్చిపోతే ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను. రెండు కావస్తోంది. వార్డు తలుపు వేసి ఉంది. తలుపు ముందు హెడ్ సిస్టర్ స్టూలు వేసుకుని కూర్చుంది, మోకాలి మీద చెయ్యి ఆనించి. నన్ను చూసి పక్కన బెంచీ చూపించింది.

పెద్ద డాక్టరు గబగబా వచ్చాడు, చంకలో ఫైలుతో. తలుపు మీద చెయ్యి వేయబోతే హెడ్ సిస్టర్ లేవకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"పది నిమిషాలు ఆగాలండీ."

"పదిహేడో బెడ్‌కి మందు మార్చాలి సిస్టర్. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. లోపలేం జరుగుతోంది?"

"మాట్లాడుకుంటున్నారండీ."

ఆయన గడియారం చూసుకున్నాడు. తలుపువైపు చూశాడు, వచ్చిన దారివైపు చూశాడు. తర్వాత నా పక్కన బెంచీ మీద కూర్చుని, ఫైలు ఒళ్ళో తెరిచి, జేబులోంచి పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాడు.